సోమవారం తూర్పుకు బస్సు లేదు

కంభాలదిన్నె డిపోలో బస్సులు గ్రహాల్ని బట్టి నడవడం ఎట్లా మొదలైందో చెప్పాలంటే ముందు కల్వర్టు సంగతి చెప్పాలి.

ఒక సోమవారం, అందులోనూ పౌర్ణమి. డ్రైవర్ మాల్యాద్రి చింతలదేవిపాలెం బస్సు తీసుకుని తూర్పుకు బయల్దేరాడు. ఊరు దాటీ దాటకముందే బస్సు వెళ్ళి కల్వర్టు గోడనెక్కి కూర్చుంది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒకావిడ ఒళ్ళో గుమ్మడికాయ మాత్రం రెండు ముక్కలైంది. పల్లెవాహిని రవాణా సంస్థ దీన్ని తేలిగ్గా వదిలేయలేదు. విచారణ సంఘం వేసింది. సంఘం వారు బస్సు చుట్టూ తిరిగి చూశారు, కిందికి వంగి చూశారు. బ్రేకులు పట్టలేదు సార్ అని మాల్యాద్రి మొత్తుకుంటే, పట్టని బ్రేకుల్ని ప్రమాదానికి బాధ్యుల్ని చేయడం న్యాయం కాదన్నారు. చివరికి సంఘంలో పెద్దాయన ఒకరు టీ తాగుతూ గోడమీది క్యాలెండర్ వంక చూశారు. సోమవారం నాడు తూర్పు దిక్కుకు వారశూల. ఆ రోజు అటు ప్రయాణం పనికిరాదని పంచాంగం చూసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఇంకేముంది, దొంగ దొరికిపోయాడు.

తప్పు తనది కాదని తేలినందుకు మాల్యాద్రి ఆ పూట డిపోలో అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. పాపం, అమాయకుడు. ఆ మైసూర్‌పాక్ తనకే ఎంత చేదవుతుందో అప్పుడతనికి తెలియదు.

నెల తిరక్కుండా హెడ్డాఫీసు నించి ఉత్తర్వు దిగింది. దాని పేరు గ్రహానుకూల రవాణా విధానం. సోమ, శనివారాల్లో తూర్పుకు బస్సు వెళ్ళరాదు. ఆది, శుక్రవారాల్లో పడమరకు వెళ్ళరాదు. మంగళ, బుధవారాల్లో ఉత్తరం, గురువారం దక్షిణం నిషిద్ధం. శూలకు ఎదురు ప్రయాణం చేసిన ఉద్యోగి, డ్యూటీలో ఉన్నా సెలవులో ఉన్నా, సొంత కాళ్ళమీద నడిచి వెళ్ళినా సరే, కొలువులోంచి తొలగించబడును. దీన్ని అమలు చేయడానికి డిపోకొక గ్రహ సమన్వయాధికారిని వేశారు. కంభాలదిన్నెకు మార్తాండశర్మగారు వచ్చారు. సన్నటి మనిషి, మెత్తటి మాట, పంచాంగం లేకుండా తుమ్ము కూడా తుమ్మేవారు కారు. డిపో మేనేజర్ సర్వోత్తమరావుగారికి ఆయన్ను చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ బస్సు ఆలస్యమైతే సంజాయిషీ ఆయన చెప్పుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు శని చెప్పుకుంటాడు.

వారానికి రెండ్రోజులు తూర్పుకు బస్సు లేకపోతే ఆ పక్క ఊళ్ళవాళ్ళు ఊరుకుంటారా? డిపో గేటు ముందు బైఠాయించారు. మార్తాండశర్మగారు రాత్రంతా గ్రంథాలు తిరగేసి పొద్దున్నే వెలుగుతున్న ముఖంతో వచ్చారు.

"ప్రయాణమంటే ముఖం ఎటుంటే అటు. బస్సు ముఖం పడమరకు ఉన్నంతసేపూ అది పడమర ప్రయాణమే. చక్రాలు ఎటు తిరిగాయన్నది శాస్త్రం పట్టించుకోదు" అన్నారు.

అంతే. సోమవారాల్లో బస్సులు వెనక్కి నడుచుకుంటూ తూర్పుకు వెళ్ళడం మొదలుపెట్టాయి. కండక్టర్ చెంచురామయ్య వెనక కిటికీలోంచి తల బయటపెట్టి దారి పొడుగునా విజిల్ ఊదేవాడు. మాల్యాద్రి మెడ తిప్పి తిప్పి, ఇంటికొచ్చాక కూడా ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిరిగి చూసేవాడు. ఒక ముసలాయన సీట్లో కూర్చుని చాలాసేపు కిటికీలోంచి చూసి, చూసి, ఉండబట్టలేక అడిగాడు.

"ఏమయ్యా చెంచురామయ్యా, మనం పోతన్నామా, వస్తన్నామా?"

"టిక్కెట్టు పోయేదానికే కొట్టినా తాతా. మిగతాది నన్నడగబాక" అన్నాడు చెంచురామయ్య.

ఒక బస్సు అట్లాగే వెనక్కి వెళ్తూ వెళ్తూ మండలాఫీసు ప్రహరీలోకి చొచ్చుకుపోయి, అధికారిగారి బల్ల దగ్గర ఆగాక గానీ ఆ పద్ధతి ఆగలేదు.

తర్వాత ప్రస్థానం వచ్చింది. ఇది మన పెద్దవాళ్ళు చేసేదే. మంచి వేళకు మనిషి కదలడం కుదరకపోతే తన గొడుగో కండువానో పక్కింట్లో పెట్టిస్తారు. వస్తువు గడప దాటిందంటే మనిషి బయల్దేరినట్టే లెక్క. తర్వాత వీలు చూసుకుని అసలు మనిషి వెళ్తాడు. సర్వోత్తమరావుగారికి ఇందులో మొదటి సగం బాగా నచ్చింది. శుభవేళకు బస్సు స్టెప్నీ టైరును దొర్లించుకుంటూ తీసుకెళ్ళి ఎదురుగా టీకొట్లో పెట్టేవాళ్ళు. బస్సు బయల్దేరినట్టు మైకులో చెప్పేవాళ్ళు. బస్సు డిపోలోనే ఉండేది. ఆ దెబ్బతో కంభాలదిన్నె నించి బయల్దేరే బస్సుల్లో ఒక్కటి కూడా ఆలస్యం కాలేదు. హెడ్డాఫీసు వాళ్ళు సర్వోత్తమరావుగారికి శాలువా కప్పారు.

ప్రయాణికులు కూడా తక్కువ వాళ్ళేం కాదు. బస్సే టీకొట్లో ఉన్నప్పుడు మేమెందుకు డిపోలో ఉండాలని, తలా ఒక చెప్పు తెచ్చి టైర్ల పక్కన పెట్టి ఇళ్ళకు పోయారు. ఒకరోజు చెకింగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ చెప్పుల్ని వరసగా టిక్కెట్లు అడిగాడు. ఒక తోలుచెప్పు సమాధానం చెప్పలేదని పట్టుకుపోయాడు.

ఇదంతా మాల్యాద్రి చూస్తూనే ఉన్నాడు. నవ్వొచ్చేది. ఎంత నవ్వొచ్చినా ఉద్యోగం ఉద్యోగమే గదా అని ఊరుకునేవాడు. ఊరుకోవడానికి అతనికి ఇంకో కారణం ఉంది. అతనికి పెళ్ళి కుదిరింది.

నలభైకి దగ్గరపడుతున్న మనిషికి పెళ్ళి కుదరడమంటే మాటలు కాదు. ఇంతకు ముందు కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన సంబంధాలు చాలానే ఉన్నాయి. ఒకళ్ళకు అతని జాతకం నచ్చలేదు, ఇంకొకళ్ళకు జుట్టు నచ్చలేదు. చివరికి చింతలదేవిపాలెం బస్టాండు పక్కన కుట్టుమిషన్ పెట్టుకున్న వెంగమాంబ దగ్గర యూనిఫాం కుట్టించుకుంటూ కుట్టించుకుంటూ, అవసరానికి మించి చొక్కాలు కుట్టించుకున్నాడు. ఆమె ఒకరోజు టేపు మెడకు వేసుకుని, "ఇన్ని చొక్కాలేం జేసుకుంటారు? మాట్లాడాలంటే మాట్లాడండి, బట్ట దండగ" అంది. అట్లా మాట్లాడాడు. ఆమెకు ముప్పై దాటాయి, కాలూ చెయ్యీ ఆడిస్తూ తన బతుకు తను బతుకుతున్న మనిషి. ఆమె నవ్వితే మాల్యాద్రి గేర్లు మర్చిపోయేవాడు.

వాళ్ళన్న సింగరయ్య మాత్రం ఒక పట్టాన ఒప్పుకోలేదు. ట్రాక్టర్ తోలుకునే మనిషి, ముక్కుమీద కోపం.

"చూడు బావా, మా చెల్లెలు నిన్నే చేసుకుంటానంటంది కాబట్టి సరే. నీకు సర్కారు కొలువు లాంటిది ఉంది, అదీ సరే. కానీ బస్సోళ్ళు టైముకొచ్చేది నేను నా జన్మలో చూళ్ళా. ముహూర్తం దాటినాక వచ్చినావంటే ఈ సంబంధం లేదు. కొలువు ఊడగొట్టుకుని వచ్చినా లేదు. రెండిట్లో ఏది తప్పినా మా బాబాయి చూసిన ఒంగోలు సంబంధం ఉండనే ఉంది" అన్నాడు.

ముహూర్తం పెట్టారు. సోమవారం పొద్దున పదకొండింటికి. పౌర్ణమి. ఆ తర్వాత మూఢం, నెలల తరబడి పెళ్ళిళ్ళు లేవు. సోమవారం అనగానే మాల్యాద్రికి శూల గుర్తొచ్చింది గానీ, ఆదివారమే చింతలదేవిపాలెం చేరుకుంటే సరిపోతుంది కదా అని సర్దుకున్నాడు. ఆదివారం తూర్పుకు ఏ అడ్డూ లేదు. సొంత డిపోలోనే పెళ్ళి బస్సు మాట్లాడుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం డిపోలో సందడి చూడాలి. బస్సుకు బంతిపూల దండలు, అరటి పిలకలు, అద్దంమీద మాల్యాద్రి వెడ్స్ వెంగమాంబ. చుట్టాలంతా ఎక్కి కూర్చున్నారు. మాల్యాద్రి మేనత్త కోటమ్మ ముందు సీట్లో దిండు వేసుకుని మరీ కూర్చుంది. చెంచురామయ్య కొబ్బరికాయ ఎత్తాడు. అప్పుడు సర్వోత్తమరావుగారు, వెనకాలే మార్తాండశర్మగారు ఆఫీసులోంచి బయటికొచ్చారు.

"ఆపండి. పౌర్ణమి ప్రవేశించింది" అన్నారు సర్వోత్తమరావుగారు, పోలీసులు ప్రవేశించారన్నట్టు.

ఆకాశంలో ఆరు గ్రహాలు ఒకే వరసలో నిలబడ్డాయని వారం నించీ టీవీల్లో ఒకటే మోత. దానికి పౌర్ణమి తోడైంది. హెడ్డాఫీసు నించి అప్పుడే ఉత్తర్వు వచ్చిందట. సర్వోత్తమరావుగారు గొంతు సవరించుకుని చదివారు.

"పౌర్ణమి ఘడియలు ముగియువరకు, అనగా సోమవారం సాయంత్రం వరకు, ఆరు గ్రహములు ఆకాశమున వరుసగా నిలబడి ఉన్న దృష్ట్యా, విశ్వముతో సామరస్యము పాటించు నిమిత్తము సంస్థ బస్సులు కూడా భూమిపై వరుసగా నిలబడవలెను. ఒక్కొక్క బస్సు ఒక్కొక్క గ్రహమునకు ప్రతినిధిగా వ్యవహరించును. వరుస చెదిరిన యెడల కలుగు విశ్వవ్యాప్త పరిణామములకు డిపో మేనేజరు వ్యక్తిగతముగా బాధ్యుడగును."

చివరి వాక్యం చదివేటప్పుడు ఆయన పక్కనున్న బస్సును ఆనుకున్నారు. విశ్వం భారం మోయడం ఎవరికైనా కష్టమే.

డిపోలో నడిచే స్థితిలో ఉన్నవి సరిగ్గా ఆరు బస్సులే. డీలక్స్ బస్సు గురుడైంది. కొత్తగా రంగు వేసింది శుక్రుడైంది. అన్నీ వరసలో పెట్టాక పెళ్ళి బస్సుకు చివరి స్థానం మిగిలింది. అద్దంమీద, వెడ్స్ వెంగమాంబ కింద, 'శని' అని అట్ట తగిలించారు.

కోటమ్మత్త బస్సు దిగి వచ్చింది. "ఏమయ్యా మేనేజరూ, పెళ్ళి బస్సుకి శని పేరు పెడతావా? గురుడైనా ఇయ్యి, లేకపోతే మా దండలు మాకియ్యి."

"గురు స్థానం డీలక్స్‌కు కేటాయించబడిందమ్మా. ఆర్డినరీ బస్సు గురుడు కావడానికి నిబంధనలు ఒప్పుకోవు" అన్నారు సర్వోత్తమరావుగారు.

మాల్యాద్రికి ఏడుపొక్కటే తక్కువ. "సార్, నా పెళ్ళి సార్. ఒక్క బస్సు తీసేస్తే ఏమవుద్ది సార్?"

"శని కదిలితే ఏమవుతుందో నీకు చెప్పాలా మాల్యాద్రీ? అయినా ఉత్తర్వులో ఇంకో ముక్క ఉంది. పౌర్ణమి ఘడియల్లో సిబ్బంది డిపో విడిచి వెళ్ళరాదు. చంద్రుడు మనసుకు అధిపతి. నిండు చంద్రుడి ప్రభావంలో ఉన్న డ్రైవర్ని ఊరిమీదికి వదిలే అధికారం నాకు లేదు."

"నా మనసు బానే ఉంది సార్."

"పెళ్ళికి ఇంత తొందరపడుతున్నావంటే బాగా ఉన్నట్టా?" అన్నారు సర్వోత్తమరావుగారు దయగా.

గేటుకు తాళం పడింది. ఆ రాత్రి చుట్టాలంతా శనిలోనే పడుకున్నారు. మాల్యాద్రికి కునుకు పట్టలేదు. గేటు దూకి పోదామా అంటే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే సింగరయ్య పిల్లనివ్వడు. దూకకపోతే ముహూర్తం పోతుంది. అప్పుడూ ఇవ్వడు. ఎటు చూసినా నుయ్యీ గొయ్యీనే. నిండు చంద్రుడు డిపో షెడ్డు మీద తాపీగా నిలబడి ఉన్నాడు. మాల్యాద్రి అతన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు.

తెల్లారేసరికి సోమవారం. పౌర్ణమి పోలేదు, పైగా తూర్పుకు శూల కూడా వచ్చి కూర్చుంది. మాల్యాద్రి పెళ్ళికోటు వేసుకుని, బాసికం చేత్తో పట్టుకుని ఆఫీసు ముందు నిలబడ్డాడు. అతన్ని చూస్తే మార్తాండశర్మగారికి నిజంగానే జాలేసింది. పంచాంగం మూసి, తెరిచి, మళ్ళీ మూశారు.

"ప్రస్థానం ఉంది కదా. బస్సులకు చేసినట్టే చేద్దాం. ఇతని కోటు ముందుగా పెళ్ళిపందిట్లోకి పంపితే, ఇతను చేరినట్టే లెక్క" అన్నారు.

సర్వోత్తమరావుగారి ముఖం విప్పారింది. పెళ్ళి ఫోటోలు తీయడానికి వచ్చిన కుర్రాడికి సంస్థతో ఏ సంబంధమూ లేదు, మోటర్ సైకిలుంది. మాల్యాద్రి కోటు విప్పి, దాని జేబులో బాసికం పెట్టి ఇచ్చాడు. ఫోటోగ్రాఫర్ కోటు భుజానేసుకుని, గేటు సందులోంచి బండి తోసుకుని తూర్పుకు వెళ్ళిపోయాడు.

ఆ కోటు చింతలదేవిపాలెం చేరిందని తెలియగానే సర్వోత్తమరావుగారు స్వయంగా సింగరయ్యకు ఫోన్ చేశారు. అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టారు.

"శుభాకాంక్షలండీ. డిపో మేనేజర్ని మాట్లాడుతున్నాను. మా డ్రైవర్ మాల్యాద్రి మీ పందిట్లోకి సకాలంలో విచ్చేసినట్టు అధికారికంగా ధ్రువీకరిస్తున్నాను."

"ఎక్కడ విచ్చేసినాడు? ఇక్కడ కుర్చీలో కోటుంది" అన్నాడు సింగరయ్య.

"అదేనండీ. ఆ కోటే మాల్యాద్రి. సంస్థ దృష్టిలో అతనిక్కడ లేడు. మీరు కార్యక్రమం కొనసాగించవచ్చు."

తర్వాత సింగరయ్య మాట్లాడిన మాటలు ఇక్కడ రాయడానికి వీల్లేదు. వాటి సారాంశం, తన చెల్లెలు కోటుతో కాపరం చేయదని, ఒంగోలు సంబంధం వాళ్ళకు ఇప్పుడే ఫోన్ చేస్తున్నానని. కోటమ్మత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంతలో ఫోన్లో ఇంకో గొంతు వినిపించింది.

"ఇటియ్యన్నా. హలో, మేనేజరు గారేనాండీ? నేను వెంగమాంబని. ఇయాళ తూర్పుకి రాకూడదంటన్నారు, సరే. మరి పడమరకి?"

సర్వోత్తమరావుగారు మార్తాండశర్మగారి వంక చూశారు. ఆయన పంచాంగం చూడకుండానే, "సోమవారం పడమర నిరభ్యంతరం" అన్నారు.

"నేను మీ సంస్థలో పంజెయ్యను గదా. పౌర్ణమి నన్నేం జెయ్యదు గదా?"

"మీకు వర్తించదమ్మా."

"సరే, పెట్టేస్తన్నా" అంది వెంగమాంబ.

పదింబావు కావస్తుండగా డిపో గేటు ముందు ట్రాక్టర్ హారన్ మోగింది. సింగరయ్య తోలుతున్నాడు, ముఖం కందగడ్డలా ఉంది. వెనక ట్రక్కులో మేళంవాళ్ళు, పురోహితుడు, వంటవాళ్ళు, పులిహోర గంగాళం, ఊడబెరికి తెచ్చిన పందిరి రాటలు. వాటన్నిటి మధ్య పట్టుచీరలో వెంగమాంబ, గుమ్మటంలా కూర్చుని ఉంది. పెళ్ళికూతురు ఒళ్ళో సన్నికల్లు కూడా ఉంది.

గేటు తీయడానికి నిబంధన ఏదీ అడ్డురాలేదు. లోపల్నించి బయటికి పోవడమే తప్పుగానీ బయటనించి లోపలికి రావడం తప్పని ఎవరూ రాయలేదు. డీజిల్ పంపు పక్కన పందిరి లేచింది. పట్టాలు పరిచారు. మేళగాళ్ళు గురుడి నీడలో కూర్చున్నారు. సింగరయ్య మాత్రం ట్రాక్టర్ దిగలేదు.

"మాటంటే మాటే. పెళ్ళికొడుకు టైముకి రాలా" అన్నాడు.

"ఆయన కదిల్తే గదా రావడానికి? ఉన్నచోటే ఉన్నాడు. రావాల్సింది మనం, మనం టైముకొచ్చాం. దిగు అన్నయ్యా, తలంబ్రాలకి బియ్యం పొయ్యాలి" అంది వెంగమాంబ.

సింగరయ్య ట్రాక్టర్ దిగేలోపే పురోహితుడు గట్టిమేళం అన్నాడు. పదకొండింటికి మాల్యాద్రి తాళి కట్టాడు. కోటు లేదు, బాసికం లేదు, ఖాకీ చొక్కా మీదే. మూడో ముడి తొందరలో జారిపోయింది. వెంగమాంబ తల కొంచెం వంచి, "నిదానంగా ఎయ్యండి, ఊడిపోకుండా" అంది మెల్లగా. ఆ మాటకు మాల్యాద్రికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంతమంది ఇన్నిసార్లు వద్దన్న తన కోసం ఒక మనిషి పందిరితో సహా పెరుక్కుని వచ్చింది, అంతకంటే ఏం కావాలి?

సర్వోత్తమరావుగారు పులిహోర తిని తెగ సంబరపడ్డారు. గ్రహానుకూల విధానం వల్ల ప్రజలు డిపోలోనే వివాహాలు జరుపుకుంటున్నారని అప్పటికప్పుడు హెడ్డాఫీసుకు ఫోన్లో చెప్పారు. ఇకమీదట సోమ, శనివారాల్లో తూర్పు ఊళ్ళే డిపోకు వచ్చిపోతే ఎట్లా ఉంటుందని అవతలివాళ్ళు ఆలోచనలో పడ్డారు.

భోజనాలయ్యాయి. వెంగమాంబ మాల్యాద్రి చెయ్యి పట్టుకుని ట్రాక్టర్ దగ్గరకు నడిచింది. అత్తారింట్లో దీపం పెట్టకముందే అల్లుడు గడప తొక్కాలని వాళ్ళింటి ఆనవాయితీ. సర్వోత్తమరావుగారు చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చి గేటుకు అడ్డంగా నిలబడ్డారు.

"మాల్యాద్రీ, ఎక్కడికి? తూర్పు. సోమవారం. పైగా పౌర్ణమి ఇంకా ఉంది. గేటు దాటావంటే ఉద్యోగం పోయినట్టే."

మాల్యాద్రి ఆగిపోయాడు. సింగరయ్య కూడా వెనక్కి తిరిగి చూశాడు. కొలువు ఊడితే సంబంధం లేదన్న మాట అతనికి గుర్తొచ్చినట్టుంది. చెల్లెలి మెడలో తాళి చూసి నోరు మూసుకున్నాడు గానీ, ముఖం మళ్ళీ కందింది.

వెంగమాంబ ఆశ్చర్యంగా చూసింది. "ఈయన్ని మాల్యాద్రి అంటారేంటి సార్? మీ డ్రైవరు మాల్యాద్రి పొద్దున్నే మా ఊరొచ్చాడని ఫోన్లో మీరే జెప్పారు. ఇక్కడ లేడని కూడా జెప్పారు. ఈయన నా మొగుడు."

సర్వోత్తమరావుగారు మార్తాండశర్మగారి వైపు తిరిగారు. మార్తాండశర్మగారు పంచాంగం తీసి, రెండు పేజీలు తిప్పి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూశారు. జీవితంలో మొదటిసారి ఆయన పెదాలమీద చిన్న నవ్వు కనబడింది.

"అమ్మాయి చెప్పింది శాస్త్రసమ్మతం. ఉద్యోగి కోటు రూపంలో తూర్పున ఉన్నాడు. ఈ మిగిలిన మనిషికి శూల వర్తించదు" అన్నారు.

"సారు, అంటే నా కొలువు?" అని మాల్యాద్రి అడగబోతే వెంగమాంబ మోచేత్తో ఒక పోటు పొడిచింది. అతను ట్రక్కెక్కాడు. కోటమ్మత్త దిండుతో సహా ఎక్కింది. సింగరయ్య స్టార్ట్ చేశాడు. ట్రాక్టర్ ముఖం తూర్పుకు పెట్టుకుని, పట్టపగలు, శూలకు ఎదురుగా, మేళం మోగించుకుంటూ డిపోలోంచి బయటికొచ్చింది. కల్వర్టు దాటింది. ఎవరికీ ఏమీ కాలేదు. వెంగమాంబ అతని భుజం మీద తల ఆనించి, "ఇంక చొక్కాలు కుట్టించుకోబాకండి, చాలా ఉన్నయ్యి" అంది.

వెనకనించి కేకలు వినిపించాయి. సర్వోత్తమరావుగారు రోడ్డుమీద పరుగెత్తుకుంటూ వస్తున్నారు, ఎడం చేతిలో పంచె కుచ్చెళ్ళు, కుడిచేతికి ఇంకా పులిహోర. సింగరయ్య వేగం తగ్గించాడు. మాల్యాద్రి వెంగమాంబ చాటుకు జరిగాడు.

"అమ్మా," అన్నారు సర్వోత్తమరావుగారు రొప్పుతూ, "బుధవారం పొద్దున మాల్యాద్రికి దక్షిణం డ్యూటీ పడింది. కోటును టైముకి పంపించండి."